తీరిక లేనివారి అన్నము



నేడు ఏ ఇంటికి వెళ్ళినను వంటను గూర్చి రెండు మాటలు వినబడుచున్నవి. పెద్దవారు, "మా కాలమున పొద్దున లేచినది మొదలు పొయ్యి ఆరనిచ్చెడివారము కాము, నేటి కోడళ్ళు పది నిమిషములలో ఏదో కలిపి పెట్టి ఉద్యోగమునకు పోవుచున్నారు, ఆచారము అడుగంటినది" అందురు. పిన్నవారు, "ఆచారముగా వండుకొనవలెనన్నచో ఉద్యోగము మానుకొనవలెను; కనుక బయటి తిండియే గతి" అందురు. ఈ రెండు మాటలును ఎదురెదురుగా ఉన్నట్లు కనబడును గాని, రెండింటికిని మూలము ఒకే భ్రమ. తీరిక లేనివాడు త్వరగా వండుకొని తిను శాకాహారము నిన్న మొన్న పుట్టినదనియు, మన పూర్వులు దానిని ఎరుగరనియు ఆ భ్రమ. అది నిజము కాదు. ఆ అన్నమునకు వేదకాలము నుండి చరిత్ర కలదు. ఆ చరిత్రను క్రమముగా పరిశీలింతము.

మొదట వేదమునే చూతము. ఋగ్వేదము పదవ మండలమున జ్ఞానమును స్తుతించు సూక్తమొకటి కలదు. అందులో ధీరులు వాక్కును శోధించుటను, జల్లెడతో సక్తువును జల్లించుటతో పోల్చిరి. సక్తువనగా వేయించిన యవల పిండి. ఉత్తర దేశమున నేటికిని 'సత్తు' అని పిలువబడునది దీని పేరునే నిలుపుకొన్నది. ఇప్పుడు దానిని శనగలతోను చేయుచున్నారు. అంత గంభీరమైన భావమునకు ఋషి ఈ పిండిని ఉపమానముగా గ్రహించెనన్నచో, అది ఆనాడు ఇంటింట నిత్యము కనబడు వస్తువై యుండవలెను.

ఆ పిండిని పెరుగుతో గాని నేతితో గాని కలిపినచో కరంభము. పొయ్యి అక్కరలేదు, పాత్ర ఒక్కటి చాలును. ఈ కరంభము పూషదేవతకు ప్రియమైన హవిస్సు. ఇంద్రునకు సోమమెట్లో పూషునకు కరంభమట్లని ఆరవ మండలమున కలదు. పూషుడు దంతములు లేనివాడు గనుక పిండి చేసిన ఆహారమే ఆయన భాగమని తైత్తిరీయ సంహిత కారణము చెప్పినది. అయితే ఈ పూషుడెవరు? దారులను కాచువాడు, తప్పిపోయిన పశువులను వెదకి తెచ్చువాడు, బాటసారులకు దిక్కైనవాడు. త్రోవ నడచువారి దేవతకు, త్రోవలో కలుపుకొని తిను పిండియే నైవేద్యమగుట ఎంతయో తగియున్నది. సోమయాగమున సవనములలో అర్పించు హవిస్సులు ఐదు: ధానలు, కరంభము, పరివాపము, పురోడాశము, పయస్య. వీటిలో ధానలనగా వేయించిన యవలు, పరివాపమనగా పేలాలు. కరంభము మాట ముందే చెప్పితిని. అనగా ఐదింటిలో మూడు, ముందుగా వేయించి యుంచిన ధాన్యముతో క్షణములో సిద్ధమగునవే. త్వరగా సిద్ధమైన అన్నము హీనమైనదని వేదము తలచలేదని దీనివలన తెలియుచున్నది.

ఇందలి సూక్ష్మమేమి? ధాన్యము ఒకసారి వేడికి లోనై మెత్తబడినచో, తినునప్పుడు మరల ఉడికించు పని అంతగా ఉండదు. అటుకులను చూడుడు. వడ్లను నానబెట్టి, వేయించి, వేడి తగ్గక ముందే రోటిలో దంచినచో అవి అణగి అటుకులగును. ఆ క్రమములోనే బియ్యము చాలవరకు ఉడికిపోవును. అందుచేత పిదప నీళ్ళు చల్లినను మెత్తబడును. పేలాలును బొరుగులును ఇట్టివే. వివాహమున వధువు దోసిట సోదరుడు పోయు లాజలు ఈ పేలాలే. రాయలసీమలో బొరుగులను నీట తడిపి, పిండి, తాలింపు పెట్టి 'ఉగ్గాని' యని చేయుదురు. పొలమునకు పోవు తొందరలో నున్నవానికి దానిని మించిన వంట లేదు. వేదకాలపు యవలకును, నేటి ఉగ్గానికిని నడుమ కాలము ఎంతయో జరిగినది గాని, ఉపాయము మారలేదు.

ఇట్టి అన్నమునకు పురాణేతిహాసములు ఇచ్చిన గౌరవమును కూడ స్మరింపవలెను. భాగవతమున కుచేలుని భార్య యాచించి తెచ్చి పాతగుడ్డలో మూటగట్టి యిచ్చినవి నాలుగు గుప్పెళ్ళ అటుకులు. ద్వారకాధీశుడు వాటిని ఆశగా ఆరగించెను. మహాభారతము అశ్వమేధపర్వమున సక్తుప్రస్థోపాఖ్యానము కలదు. కురుక్షేత్రమున ఉంఛవృత్తితో బ్రతుకు బ్రాహ్మణుడు, ఆయన భార్య, కుమారుడు, కోడలు కరవుకాలమున ఒక ప్రస్థము యవలు సంపాదించి, సక్తువు చేసికొని, నాలుగు భాగములు చేసికొనిరి. అంతలో అతిథి వచ్చెను. ఒకరి వెంట ఒకరు నలుగురును తమ భాగములను అతనికి సమర్పించిరి. ఆ పిండి రేణువులు సోకి ముంగిస దేహము సగము బంగారమయ్యెను. మిగిలిన సగము ధర్మరాజు చేసిన అశ్వమేధమున పొర్లినను బంగారము కాలేదు. ఇక్కడ ఎన్ని కూరలు వండిరని గాని, ఎంతసేపు వండిరని గాని ప్రశ్న లేదు. ఉన్నదానిని ఎట్లు పెట్టిరన్నదే ప్రశ్న.

ఇక రెండవ ఉపాయము, వండినదానిని నిలువచేయుట. "చద్ది తినరాదని శాస్త్రము గదా" యని కొందరు శంకింతురు. శాస్త్రమును పూర్తిగా చదువవలెను. పర్యుషితాన్నము, అనగా వండి రాత్రి గడచిన అన్నము, సామాన్యముగా నిషిద్ధమే. కాని మనువును యాజ్ఞవల్క్యుడును వెంటనే మినహాయింపు చెప్పిరి. నేయి, నూనె వంటి స్నేహద్రవ్యము కలిసినది నిలువయున్నను భోజ్యమే. యవలు, గోధుమలు, గోరసములతో చేసినవి స్నేహము లేకున్నను భోజ్యములే. చెడునది ఏదో, చెడనిది ఏదో పరిశీలించి పెట్టిన నియమమిది. వండిన అన్నమును ఊరక వదలివేసినచో అది పాడై రోగహేతువగునని నేటి వైద్యులును హెచ్చరించుచున్నారు. పెరుగు పులుపు, నూనె, ఉప్పు చేరినచో కొన్ని పదార్థములు నిలుచునని వారును అంగీకరింతురు.

తెలుగువారికి చద్ది యన్నచో గల మక్కువకు పోతనామాత్యుని భాగవతమే సాక్షి. 15వ శతాబ్దికి చెందిన ఆ మహాకవి, గోపబాలకులతో కూడి అడవిలో చల్ది ఆరగించు బాలకృష్ణుని చిత్రించెను. మీగడ పెరుగు కలిపిన ముద్ద ఎడమచేత, ఊరగాయలు వ్రేళ్ళ సందులలో! పశువులను తోలుకొని పోవు పిల్లలకు మధ్యాహ్నము వంట ఎక్కడిది? తల్లులు తెల్లవారక ముందే కట్టి యిచ్చిన మూటయే వారి భోజనము. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన సామెత కూడ ఇట్టి అవసరము నుండి పుట్టినదే. మేము పాఠశాలలో సంథ చెప్పుకొను దినములలో ఉదయము సంధ్యావందనము ముగియగానే పెరుగు కలిపిన చద్దన్నము తిని పాఠమునకు కూర్చుండెడివారము. దానిని తక్కువగా ఎవ్వరును చూడలేదు.

ఊరగాయలు, పొడులు, వరుగులు, వడియములు, అప్పడములు ఈ రెండవ ఉపాయములోనివే. వేసవిలో కొన్ని దినములు కష్టపడినచో ఏడాది పొడుగునను వేడి అన్నము ఒక్కటి ఉన్నచో భోజనము సిద్ధము. కందిపొడి, నేయి, ఒక అప్పడము, పిదప పెరుగు. దీనికంటె త్వరగా అమరు పూర్ణభోజనము వేరొకటి ఏమి కలదు? ఇక్కడ ఒక విశేషము. మిరపకాయ మన దేశపు పంట కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి రాకతో, అనగా 1498 తరువాత, మనకు చేరినది. కనుక పోతన వర్ణించిన ఊరగాయలలో మిరపకారము ఉండియుండదు. మనము అనాదియనుకొను ఎర్రని ఆవకాయ కొన్ని శతాబ్దుల నాటిది మాత్రమే. ఆచారమనునది కూడ కాలముతో కొత్త వస్తువులను స్వీకరించుచునే వచ్చినది.

మూడవ ఉపాయము, ఒకే పాత్రలో వండుట. గృహ్యసూత్రములలో కృసరమను అన్నము చెప్పబడినది. అది తిలలతో కలిపి వండినది. పిదప పప్పుతో కలిపి వండినదానికిని ఆ పేరే సాగి, ఉత్తరదేశమున 'ఖిచిడీ' అయినది. 14వ శతాబ్దిలో మన దేశమున సంచరించిన ఇబన్ బతూతా అను యాత్రికుడు, ఇక్కడివారు పెసలను బియ్యముతో ఉడికించి నేతితో ఉదయాహారముగా తినుటను చూచి వ్రాసికొనెను. తెలుగునాట ఇదియే పులగము. దేవాలయమున మిరియము, జీలకఱ్ఱ, నేయి చేరి కట్టె పొంగలి అయినది. అందులో నేటికిని కారము మిరియముదే. మిరపకాయ రాకముందటి రుచి అక్కడ నిలిచియున్నది. బియ్యము, పప్పు, నేయి ఒక్క గిన్నెలో చేరినచో శరీరమునకు కావలసినది చాలవరకు అందును. చింతపండు పులుపును నూనెయును కలిసిన పులిహోర, పెరుగుతో కలిపిన దధ్యోదనము ప్రసాదములుగా నిలుచుటలోను వివేకము కలదు. వేళగాని వేళ వచ్చు యాత్రికునకు విస్తరి పరచి వడ్డింప నక్కరలేకుండ, దొన్నెలో పెట్టి చేతికి ఇయ్యదగినవి అవి.

వేళగాని వేళ వచ్చినవారిని గూర్చి ఉపనిషత్తు మాట కూడ ఒకటి కలదు. వసతి కోరి వచ్చిన ఎవ్వరినైనను త్రోసిపుచ్చరాదనియు, అందుకై ఏ విధముగానైన అన్నమును సమకూర్చుకొనవలెననియు, వచ్చినవానితో 'అన్నము సిద్ధముగా నున్నది' అని పెద్దలు చెప్పుదురనియు తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి బోధించుచున్నది. ఆ మాట అనగలుగుటకే ఇంటిలో అటుకులు, పేలాలు, ఊరగాయలు ఎల్లప్పుడు ఉండెడివి. త్వరగా వండగలుగుట సోమరితనము కాదు. ఆతిథ్యమునకు అది ఆయుధము.

ఇల్లు లేనివారి సంగతి యేమి? దానికిని చరిత్ర కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగర పాలనాధికారిని గూర్చిన ప్రకరణమందు వండిన అన్నము అమ్ముకొనువారి ప్రసక్తి ఉన్నది. అనగా నాటి నగరములలోనే వంటకు తీరిక లేనివారు కొని తినుచుండిరి. మన ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధము. అందు పూటకూళ్ళ ఇంటి భోజనము వర్ణింపబడినది. ఒక్క రూకకు మంచి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు! పూర్తిగా శాకాహారము. బయట భోజనము నేటి దోషమని తలచువారు ఈ పద్యమును చదువవలెను.

20వ శతాబ్దిలో ఈ కథ వేగము పుంజుకొన్నది. కన్నడ దేశమున 10వ శతాబ్దపు వడ్డారాధనెలో 'ఇడ్డలిగె' యనియు, 12వ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమున 'ఇడ్డరిక' యనియు పేర్కొనబడిన వంటకమునకు ఒక కొత్త తమ్ముడు పుట్టెను. 1942లో బర్మా జపానువారి వశమై అక్కడి బియ్యము మనకు రాక ఆగిపోయినది. ఆ కరవున బెంగుళూరులోని మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారు గోధుమ రవ్వతో ఇడ్లీ చేసితిమని చెప్పుదురు. పప్పు నానబెట్టి రుబ్బి రాత్రంతయు పులియబెట్టు పని లేని ఇడ్లీ అది. ఆ సంస్థయే 1970 దశకమున, నీరు కలిపిన చాలును వంట అగునట్టి పిండి పొట్లములను అమ్మసాగినది. 1955లో కోయంబత్తూరున విద్యుత్తుతో తిరుగు రుబ్బురోలు వచ్చినది. 1679లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్ ఆవిరిని బంధించి ఉడికించు పాత్రను లండనులో చూపెను. ఆ తత్త్వముతో ప్రెషర్ కుక్కర్ల తయారీ మన దేశమున 1959 ప్రాంతమున ఆరంభమైనది. ఆవిరి ఒత్తిడి వలన నీరు నూరు డిగ్రీలకు బదులు సుమారు నూట ఇరువది డిగ్రీల వేడిని అందుకొనును; అందుచేత పప్పు త్వరగా ఉడుకును. 1958లో జపానున మోమోఫుకు ఆండో ముందుగా ఉడికించి, నూనెలో వేయించి ఎండించిన సేమ్యాను కనిపెట్టెను. వేడినీరు పోసినచో అది మెత్తబడును. మన అటుకుల ఉపాయమే అది. అయితే అటుకులలో ధాన్యము తప్ప వేరొకటి లేదు; ఆ పొట్లములలో ఉప్పును నూనెయు అధికము. నిత్యాహారముగా దేనిని ఎంచుకొనవలెనో మీరే ఆలోచింపుడు.

ఇంతవరకు చెప్పినది త్వరిత పాకపు ప్రశంస. ఇప్పుడు దాని లెక్కను కూడ చూడవలెను. తినునప్పుడు మిగిలిన కాలము ఎక్కడి నుండి వచ్చినది? ఎవరో ముందుగా వ్యయము చేసిన కాలమే అది. అటుకులు క్షణములో నానును గాని, వాటిని దంచుటకు ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి రోకళ్ళు మార్చి మార్చి వేయవలసియుండెను. సక్తువు క్షణములో కలియును గాని, తిరగలి త్రిప్పిన చేయి ఒకటి కలదు. గోపబాలురు ఆడుకొనుచు చల్ది గుడిచిరి గాని, ఆ మూటలు కట్టుటకు తల్లులు చీకటితోనే లేచిరి. "మా కాలమున అంతయు ఇంటనే అమరెడిది" అను పురుషుడు, అమర్చినవారెవరో ఒక్కసారి తలచుకొనవలెను. ఆ శ్రమలో చాలభాగమును నేడు మర, మిక్సీ, కుక్కరు తీసికొన్నవి. ఆ మిగిలిన కాలమున ఇంటి ఇల్లాలు చదువుకొని ఉద్యోగము చేసినచో, అందు ఆచారభంగమేమున్నది?

ఈ విషయమున వేదమే ఒక మాట చెప్పియున్నది. శతపథ బ్రాహ్మణము ప్రథమకాండమున, దర్శపూర్ణమాస ప్రకరణమందు, హవిస్సునకై ధాన్యము దంచు సమయమున 'హవిస్సు చేయువారు రండు' అని పిలుచు విధి కలదు. అక్కడ ఆ బ్రాహ్మణమే, పూర్వము ఈ పిలుపునకు యజమాని భార్యయే లేచి వచ్చెడిదనియు, ఇప్పుడు ఎవరో ఒకరు లేచి వచ్చుచున్నారనియు చెప్పినది. గమనింపుడు. దంపుడు పని ఒకప్పుడు ఇల్లాలిది. ఆ గ్రంథకాలమునకే అది ఎవరైనను చేయదగినదైనది. ఆ మార్పును చూచి బ్రాహ్మణము విలపింపలేదు, యజ్ఞము చెడినదనలేదు. రోకలి ఎవరి చేత నున్నను హవిస్సు హవిస్సే. మూడువేల యేండ్లకు చేరువైన వాక్యమది. దానిని ఎరిగిన మనము నేటి కోడలిని నిందించుట ఎట్లు?

మరియు పాకము పురుషునకు చిన్నతనమను మాట మన సంప్రదాయమున లేదు. ఉత్తమమైన వంటను మనము 'నలభీమపాకము' అందుము. నలుడు రాజు; భీముడు విరటుని కొలువున వలలుడై వండెను. ఆలయముల మడపల్లిలో తరతరములుగా గరిట పట్టినవారు పురుషులే. దేవుని వంట చేసిన చేతులు ఇంటివారికి వండుటకు ఏల సిగ్గుపడవలెను?

కావున గృహస్థులకు నా మనవి యిది. మీ పూర్వుల మూడు ఉపాయములను మరల ఇంటికి తెచ్చుకొనుడు. వారమున ఒకనాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి, చింతపండు గుజ్జును నూనె, పసుపు, ఉప్పు, ఇంగువలతో నూనె తేలువరకు ఉడికించి సీసాలో ఉంచుడు. కావలసిననాడు అన్నమున కలిపినచో పులిహోర. కందిపొడి ఒక డబ్బా దంచి పెట్టుడు. రాత్రి పెసలు నానబెట్టినచో, పులియు వరకు ఆగు పని లేకయే ఉదయము పెసరట్టు. సాయంకాలము అలసి వచ్చిననాడు రెండు పాళ్ళు బియ్యము, ఒక పాలు పెసరపప్పు కడిగి, మిరియములు, జీలకఱ్ఱ, అల్లము వేసి కుక్కరులో పెట్టినచో అరగంట లోపున పులగము; పైన ఒక గరిట నేయి. అదియు సాధ్యము కానినాడు అటుకులను కడిగి పెరుగు కలుపుడు. ఈ పనులలో ఒక్కటియు భర్తకును కుమారునకును చేతకానిది కాదు. చేతకానిచో నేర్పుడు.

వంట పది నిమిషములైనను, పది గడియలైనను, దానిని శుభ్రముగా చేసి, కూర్చుండి, పంచుకొని తినుటయే మన పెద్దలు నిలుపదలచిన ఆచారము. ఇంటిలో ఒకరు నిలువుకాళ్ళపై వండుచుండగా మిగిలినవారు ఆచారమును గూర్చి చర్చించుట ఆచారము కాదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళిన పిమ్మట వంటయింటిలో నున్నవారిని, "నేనేమి చేయవలెను?" అని అడుగుడు. హవిస్సు చేయువారు రమ్మను ఆ పాత పిలుపునకు అదియే తగిన జవాబు.

స్వస్తి.